వెనక్కి తిరిగిన అరచెయ్యి

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ హోటల్లో దాన్ని పలికిన నాథుడు లేడు. అక్కడ అందరికీ అతను తొణకడు. అంచుదాకా నీళ్ళు నింపిన గ్లాసులు ట్రే నిండా పేర్చుకుని, ఇరుకు బల్లల సందుల్లోంచి, కుర్చీ వెనక్కి తోసి ఉన్నట్టుండి లేచే పెద్దమనుషులను తప్పించుకుంటూ, కాళ్ళకి అడ్డం పడే పిల్లలను దాటుకుంటూ వస్తే ఒక్క చుక్క కింద పడేది కాదు. మొదట్లో వంటమాస్టరు వేళాకోళానికి అన్నాడు ఆ మాట. అదే ఖాయమైపోయింది. స్వభావం కూడా అలాంటిదే. సూపులో ఉప్పు లేదని ఎవరైనా గొంతు చించుకుంటే "సరే సార్, ఇప్పుడే మార్చి తెస్తాను" అని చిరునవ్వుతో పట్టుకెళ్ళేవాడు. తలుపు దాటి వంటగదిలోకి వెళ్ళాక మాత్రం సూపునీ, సార్‌నీ కలిపి దులిపేసేవాడు.

అతనికి పని నేర్పింది పెద్ద సర్వరు. బట్టతల, నడుం నొప్పి, కత్తి లాంటి నోరు. ఆయన ముందు ఖాళీ ట్రే ఇచ్చాడు, తర్వాత దాని మీద ఇటుకరాయి పెట్టాడు, ఆ తర్వాతే నీళ్ళు. "మోచెయ్యి పక్కటెముకలకి ఆనాలి. అక్కణ్ణించి చెయ్యి బయటికి తిరగాలి. అరచెయ్యి పైకప్పుని చూడాలి. మోచెయ్యి ఎగిరిందా, సూపు వెళ్ళి ఎవరి నెత్తిన పడుతుందో నాకు తెలీదు" అనేవాడు. తొణకడి మోచెయ్యి ఎగరడం మానేసింది. కొన్నాళ్ళకి ట్రే లేకుండా ఊరికే నిలబడ్డప్పుడు కూడా ఎడం చెయ్యి తనంతట తనే అలా మడిచి ఉంచుకునేవాడు.

రెండో విద్య కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆ హోటల్లో టిప్పులు తీసుకోకూడదని గుమ్మం దగ్గరే బోర్డు ఉండేది. యజమానికి టిప్పు పేరెత్తితే ఒళ్ళు మంట. కానీ తిన్నవాళ్ళు ఇవ్వాలనుకుంటారు, తెచ్చినవాళ్ళకి ఇల్లు గడవాలి. అందుకని సర్వర్లకి ఒక పద్ధతి ఉండేది. ఒక చేత్తో ఎంగిలి ప్లేట్లు తీస్తూ కాస్త పక్కకి వంగాలి. రెండో చెయ్యి ఒంటికి ఆనించి కిందికి వేలాడేసి, లోపలికి తిప్పి, మణికట్టు వంచి, అరచెయ్యి వెనక్కి పెట్టాలి. ఇచ్చేవాళ్ళు అందులో పెట్టేస్తారు. "మొహం ముందుకి, చెయ్యి వెనక్కి" అని పెద్ద సర్వరు పాఠం చెప్పేవాడు. "చేతికి ఏం ముట్టిందో మొహానికి తెలియకూడదురా." ఇందులోనూ తొణకడిది అందె వేసిన చెయ్యే.

పెళ్ళి కూడా ఆ పని పుణ్యమే. హోటలు బల్లల మీద పరిచే తెల్లగుడ్డలన్నీ ఒక లాండ్రీకి వెళ్ళేవి. అక్కడ పనిచేసే అమ్మాయి మరకలు వదిలించి వదిలించి విసిగిపోయి ఉండేది. ఒకసారి మూటలు తీసుకోవడానికి వెళ్ళినవాణ్ణి అడిగింది, కిటికీ వైపు బల్లల గుడ్డలు మాత్రం ఉతక్కుండానే మళ్ళీ పరిచేలా ఉంటాయి, అవి ఎవరివండీ అని. నావే అన్నాడు. ఆమె అతన్ని కిందనుంచి పైదాకా చూసి, "అయితే మీకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి" అంది. ఆ దణ్ణం పెళ్ళిలో తేలింది.

ఇక బిడ్డ దగ్గరికొద్దాం, ఈ కథంతా ఆ బిడ్డ చేతి కోసమే కాబట్టి.

ఆస్పత్రిలో కాన్పు. పాప బొద్దుగా ఉంది. తల బయటికి వచ్చింది, భుజం ఇరుక్కుంది. లోపల ఏం జరిగిందో తొణకడికి తెలీదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నవాడికి నర్సుల పరుగులు వినిపించాయి, "ఇక్కడ నొక్కు, ఇక్కడ" అని ఎవరో అరవడం వినిపించింది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఏడుపు వినపడేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. నర్సు తెచ్చి చూపించినప్పుడు పాప కుడిచెయ్యి గాల్లో ఎవరినో కొడుతోంది. ఎడంచెయ్యి పక్కన పడుకుని ఉంది, ఆ పిల్లది కానట్టు. వేళ్ళు మాత్రం మెల్లగా ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. మోచెయ్యి చాపుకుని, చెయ్యంతా లోపలికి తిరిగి, మణికట్టు వంగి, అరచెయ్యి వెనక్కి చూస్తోంది. ఈ చెయ్యి ఎక్కడో చూశానే అనిపించింది గానీ, ఎక్కడో తట్టలేదు.

మర్నాడు వార్డులోకి పెద్ద డాక్టరు వచ్చాడు, వెనకాల చదువుకునే కుర్ర డాక్టర్లు. ఆయన మంచివాడే. మంచం పక్కన వంగి, తల్లికి అర్థమయ్యేలా చెప్పాడు. "మెడ దగ్గర్నుంచి చేతికి వెళ్ళే నరాలు కాన్పులో సాగాయమ్మా. ఎంత దెబ్బతిన్నాయన్నది ఇప్పుడే చెప్పలేం. చాలామంది పిల్లలకి మెల్లమెల్లగా తిరిగొస్తుంది. భయపడకు." తర్వాత పాప చేతిని రెండు వేళ్ళతో ఎత్తి, కుర్ర డాక్టర్ల వైపు తిరిగాడు.

"దీన్ని చూస్తే ఏం గుర్తొస్తుంది?"

"వెయిటర్స్ టిప్ సార్" అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

"అంటే?"

ఆ కుర్రాడు చెప్పకుండా చేసి చూపించాడు. కాస్త పక్కకి వంగి, చెయ్యి వెనక్కి పెట్టి, అరచెయ్యి గిన్నెలా చేసి, మొహం మాత్రం ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు తిప్పి, వెనకాల వేళ్ళు ఆడించాడు. అందరూ నవ్వారు. ఆస్పత్రిలో నవ్వే నవ్వే, పెద్ద చప్పుడేం లేదు. నర్సు కూడా నవ్వింది. చెప్పుకోవాల్సిందేమిటంటే ఆ కుర్రాడు అచ్చు గుద్దినట్టు చేశాడు. పెద్ద సర్వరు చూసి ఉంటే వెంటనే పనిలో పెట్టుకునేవాడు.

తొణకడికి తల కొట్టేసినట్టయింది. ఎక్కడ చూశాడో ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ కనపడకుండా వీపు వెనకాల దాచుకున్న చెయ్యి, పుట్టిన పిల్ల ఒంటి మీద అందరికీ కనపడేలా పడుకుని ఉంది. తన చెయ్యే పాపకి అంటుకుందని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. అది పిచ్చిదని అతనికీ తెలుసు, అయినా పోలేదు.

"మీరేం చేస్తుంటారు?" అని పెద్ద డాక్టరు మర్యాదకే అడిగాడు.

"గుమాస్తాని సార్. ఒక ఆఫీసులో."

భార్య తలెత్తి అతని వైపు చూసింది. పాప చేతి మీదికి గుడ్డ లాగింది.

వ్యాయామం చూపించే రోజున ఆమెకి జ్వరం, కుట్లు నొప్పి, లేవలేకపోయింది. పాపను తనే ఎత్తుకుని ఫిజియోథెరపీ గదికి వెళ్ళాడు. నేల మీద ఆకుపచ్చ రబ్బరు పరుపులు, గోడ మీద వెలిసిపోయిన బాతుల బొమ్మలు. అక్కడి మేడమ్ కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకుంది, మాట మీద మాట చకచకా వచ్చేస్తుంది. "నరం నత్త లాంటిదండీ, దాని టైములో అది వస్తుంది. అది వచ్చేలోపు భుజం కీలు బిగుసుకుపోయిందనుకోండి, నరం వచ్చి ఏం లాభం? అందుకే రోజూ తిప్పాలి. ఇదే దీనికి మందు" అంది. పాప మోచెయ్యిని పక్కకి ఆనించి, మడిచి, చేతిని మెల్లగా బయటికి తిప్పి, అరచెయ్యి పైకి చేసింది.

"ఇదిగో, ఇలా. హోటల్లో సర్వరు ట్రే పట్టుకుంటాడు చూడండి, సరిగ్గా అలా. మీరు ఇంకేం గుర్తుపెట్టుకోవక్కర్లేదు. ట్రే. అంతే. ఏదీ, ముందు మీ చేత్తో మీరు చేసి చూపించండి."

చూశారా విడ్డూరం! ఆ భవనం మొత్తం గాలించినా ఆ ఒక్క పని అంత బాగా చేసేవాడు ఇంకొకడు దొరకడు. చెయ్యి అప్పటికే లేవబోతోంది. పక్క పరుపు దగ్గర ఒక ముసలాయన కాలు పట్టుకుని కళ్ళజోడు కుర్ర డాక్టరు నిలబడి ఉన్నాడు. ఆఫీసు గుమాస్తా ట్రే అంత ముచ్చటగా పడితే ఎవరైనా ఏమనుకుంటారు? తొణకడు మోచెయ్యిని కావాలని ఎగరేశాడు. భుజం పైకి లేపి, అరచెయ్యి పక్కకి వంచి, చిన్నపిల్లాడు చెంబు మోస్తున్నట్టు పట్టాడు.

మేడమ్ నవ్వేసింది. "ఆఫీసులో కూర్చునేవాళ్ళకి భుజాలు ఎప్పుడో తుప్పు పడతాయిలెండి. మోచెయ్యి పక్కకి. ఆఁ, కొంచెం నయం." కొంచెం నయంగా ఉండేంతవరకే సరిచేసుకున్నాడు. లోపల ఇంకెవరి పిల్లో ఏడుపు లంకించుకుంది. "పాపకి బట్ట మార్చినప్పుడల్లా చెయ్యండి. మీ ఆవిడకి నేర్పండి. నెల తిరిగాక తీసుకురండి" అని ఆవిడ అటు వెళ్ళిపోయింది.

వాళ్ళుండేది సైకిల్ షాపు మీద రెండు గదుల వాటా. దండేల మీద ఎప్పుడూ పాప గుడ్డలే. ఇంటికి రాగానే భార్య మంచం మీద లేచి కూర్చుంది.

"ఏం చెయ్యమన్నారండీ?"

నేను ట్రే పట్టుకున్నట్టు అంటే చాలు. ఆమెకి ఇంకేం వివరించక్కర్లేదు, అతను ట్రే పట్టడం ఎన్నిసార్లు చూసిందో. కానీ గుమాస్తా అన్న ఆ అబద్ధం ఆస్పత్రి నుంచి వాళ్ళతోపాటే వచ్చి ఇంట్లో కూర్చుంది. దాని గురించి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఇప్పుడు ట్రే అన్న మాట బయటికొస్తే దాని వెనకాలే గుమాస్తా కూడా వస్తాడు, కుర్ర డాక్టరు వేళ్ళు ఆడించడం వస్తుంది, నర్సు నవ్వు వస్తుంది.

"ఇలా పైకి లేపి దించాలంట. మెల్లిగా."

"అంతేనా?"

"అంతే."

ఆమె శ్రద్ధగల మనిషి. మరక ఉన్న గుడ్డని వదిలిపెట్టే రకం కాదు. జ్వరం తగ్గిందగ్గర్నుంచి పాపకి బట్ట మార్చినప్పుడల్లా, ఏవో చిన్న చిన్న పాటలు కట్టి పాడుకుంటూ, ఆ చేతిని లేపేది, దించేది. మోచెయ్యి ఎగురుతూనే ఉంది. అరచెయ్యి కిందికే చూస్తోంది. అది చూస్తూ ఉండలేక తొణకడు చొక్కా తొడుక్కుని మెట్లు దిగేవాడు. రేపు చెప్దాంలే అనుకునేవాడు. ఎంతో కొంత కదులుతోంది కదా, అదీ వ్యాయామమే కదా అని తనకి తనే నచ్చజెప్పుకునేవాడు. ఇంట్లో ఉండాల్సి వస్తుందని ఇంకొకళ్ళ డ్యూటీలు కూడా అడిగి మరీ వేయించుకున్నాడు. ఇంత బుద్ధిమంతుడు ఎక్కడా దొరకడని యజమాని మెచ్చుకున్నాడు కూడా.

పాపను ఎత్తుకుని కిందికి దిగాల్సి వస్తే ఎడంచెయ్యి తన ఛాతీ వైపు ఉండేలా ఎత్తుకునేవాడు. సైకిల్ షాపతను గ్రీజు చేతులతో వచ్చి "ఏదీ, మా బంగారుతల్లి, షేక్‌హ్యాండ్ ఇవ్వు" అంటే కుడిచెయ్యే అందించేవాడు. హోటల్లో పాప ఎలా ఉందని అడిగితే "గుండ్రాయిలా ఉంది" అని అక్కణ్ణించి తప్పుకునేవాడు. ఒక మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ ప్లేటు తీస్తున్నవాడి వెనక్కి చెయ్యి చాపింది. అతని చెయ్యి అలవాటుగా వెనక్కి వెళ్ళింది, లోపలికి తిరిగింది, మణికట్టు వంగింది. పక్క గోడకున్న అద్దంలో ఆ చెయ్యి కనపడింది. వేళ్ళు వదులైపోయాయి, నోటు నేల మీద పడింది. "తొణకడు జారవిడిచాడ్రోయ్!" అని వంటగదిలో ఆ సాయంత్రమంతా అదే గోల. అతనూ నవ్వాడు, చచ్చి సగమవుతూ.

నెల తిరిగింది. సెలవు దొరకలేదన్నాడు. మళ్ళీ వారం కూడా దొరకలేదన్నాడు. ఆ పై వారం భార్య చెప్పులు వేసుకుని, పాపను భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడింది. "మీరొచ్చినా సరే, రాకపోయినా సరే" అంది. పాప గుడ్డల సంచీ పట్టుకుని వెనకాలే వెళ్ళాడు.

మేడమ్ పాపను ఆకుపచ్చ పరుపు మీద పడుకోబెట్టింది. గిలక్కాయ ఊపింది. పాప అటు చూసి ఎడం మోచేతిని కాస్త, నిజంగా కాస్తే, మడిచింది. "అబ్బో! నరం వచ్చేస్తోందే!" అని ఆవిడ మొహం విచ్చుకుంది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తొణకడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఆవిడ మోచేతిని పక్కకి ఆనించి చేతిని బయటికి తిప్పబోయింది. కొంచెం తిరిగి ఆగిపోయింది. ఇంకాస్త తిప్పబోతే పాప కెవ్వుమంది.

ఆవిడ చెయ్యి వదిలేసింది. కళ్ళజోడు పైకి తోసుకుంది.

"నరం వస్తోంది. కీలు రావట్లేదు. బిగిసిపోయింది. ఇంట్లో ఎలా చేస్తున్నారమ్మా, చూపించండి."

భార్య ఒక్క రోజు కూడా తప్పలేదన్న ధైర్యంతో ముందుకి వంగి, పాప చేతిని లేపింది, దించింది. తన పాట కూడా మొదలుపెట్టింది.

"ఇలా ఎవరు చెయ్యమన్నారు?" మేడమ్ గొంతు మారింది. "ట్రే పట్టుకున్నట్టు అని చెప్పాను కదా! సర్వరు ట్రే పట్టుకున్నట్టు అని, మీ ఆయన చేత చేయించి మరీ చూపించాను కదా!"

"ట్రేనా?" అంది భార్య.

పాట ఆగిపోయింది. ఆమె తల తిప్పి అతన్ని చూసింది. గుమాస్తా అన్నప్పుడు చూసిన చూపు కాదది. ఒక్కొక్కటే అర్థమవుతున్నట్టు చూసింది. తొణకడు సంచీని గుండెలకి పొదువుకుని నిలబడ్డాడు. చెప్పేస్తుంది, ఇక చెప్పేస్తుంది అనుకున్నాడు. చెప్పెయ్యాలనే అనిపించింది కూడా.

"చెప్పారండీ" అంది ఆమె, మేడమ్ వైపు తిరిగి. "ఆయన సరిగ్గానే చెప్పారు. నేనే సరిగ్గా వినలేదు."

"వినకపోవడమేంటమ్మా? ఇదేమన్నా చొక్కా గుండీనా, ఊడితే మళ్ళీ కుట్టుకోవడానికి? పాపం ఆయనంటే ఆఫీసుకెళ్ళే మనిషి. రోజంతా పాపతో ఉండేది మీరు. కన్నతల్లికి ఆ మాత్రం శ్రద్ధ లేకపోతే ఎలా?" ఆవిడ పిల్ల మీద ప్రేమతోనే అంది, అయినా ఒక్కొక్క మాటా వాత పెట్టినట్టే ఉంది. భార్య తలొంచుకుని "తప్పేనండీ, తప్పేనండీ" అంటూ నిలబడింది.

తొణకడు నోరు తెరిచాడు. తప్పు ఆవిడది కాదు మేడమ్, నాది అంటే సరిపోయేది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే మూసుకున్నాడు. గోడ మీద బాతుల్ని చూస్తూ నీళ్ళు నమిలాడు. అతను చేసిన పనులన్నిటిలోకీ ఇదే సిగ్గుమాలినదని నా లెక్క, అతని లెక్క కూడా అదే. అబద్ధమాడినప్పుడు చుట్టూ పదిమంది నవ్వుతున్నారని సర్దిచెప్పుకోవచ్చు. ఇక్కడ నవ్వినవాళ్ళెవరూ లేరు.

బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చి పాపకి పాలిచ్చి పడుకోబెట్టింది. వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టి తెచ్చి, అతని ముందు నిలబడింది.

"పట్టుకో."

పెళ్ళైనప్పట్నుంచి మీరు తప్ప ఇంకోమాట అని ఎరగదు. ఆ ఏకవచనం అతనికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. పళ్ళెం అందుకున్నాడు. మోచెయ్యి పక్కకి వెళ్ళింది, చెయ్యి బయటికి తిరిగింది, అరచెయ్యి పైకి లేచింది.

"నువ్వు ట్రే పట్టుకున్నట్టు. ఇంతే కదా వాళ్ళు చెప్పింది? ఈ ముక్క నాతో అనడానికి నీకు నోరు రాలేదు."

"సిగ్గేసింది" అన్నాడు.

"ఎవర్ని చూసి? నన్ను చూసా, పిల్లని చూసా?"

అతను పళ్ళెం మీది గ్లాసు వైపే చూశాడు.

"గుమాస్తా అన్నావు. పోనీలే, అంతమంది నవ్వేసరికి మనసు చివుక్కుమనుంటుంది అని ఊరుకున్నాను. నీ బల్ల గుడ్డలు చూసి నిన్ను చేసుకున్నదాన్ని నేను. నా దగ్గర కూడా గుమాస్తావేనా?" నిద్రపోతున్న పాప వైపు చూసింది. మళ్ళీ అంది. "అది నన్ను చూసి నవ్వుతుంటే, సరిగ్గా చేస్తున్నాననుకుని పాటలు పాడాను."

గ్లాసులో నీళ్ళు పళ్ళెంలోకి ఒలికి అతని మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారాయి. తుడుచుకోలేదు. ఆమె పళ్ళెం లాక్కుని తన ఎడంచేతి మీద పెట్టుకుంది.

"నేర్పు" అంది.

నేర్పాడు. మోచెయ్యి ఎగిరితే వేలితో తాకి పక్కటెముకలకి ఆనించాడు. అంతకుమించి ఆమెను ముట్టుకోవడానికి మొహం చెల్లలేదు. ఆమె చేతిలోంచి గ్లాసు పడింది, మళ్ళీ నింపింది. నేలంతా తడి. కింద సైకిల్ షాపతను పైకప్పు కారుతోందని కేకేశాడు. గ్లాసు నిలబడ్డాక ఆమె పాప దగ్గర కూర్చుని, ఆ చిన్న మోచేతిని పక్కకి ఆనించి, బయటికి తిప్పింది. పాప మొహం చిట్లిస్తే ఆగింది, తేరుకున్నాక మళ్ళీ తిప్పింది. ఈసారి పాట పాడలేదు.

తర్వాతి సారి ఆస్పత్రికి అతను తెల్లచొక్కా, నల్ల టైతో డ్యూటీ బట్టల్లోనే వెళ్ళాడు. "మేడమ్, నేను గుమాస్తాని కాదు. సర్వర్ని. మా ఆవిడకి నేనే తప్పు చెప్పాను" అన్నాడు. తిడుతుందని ఎదురుచూశాడు. చీవాట్లు పెడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ పాప చెయ్యి తిప్పుతూనే, తలెత్తకుండా, "అయితే మీకు ముందే తెలుసన్నమాట" అంది. ఆ తర్వాత భార్య వైపు తిరిగి, "క్షమించమ్మా" అంది.

అప్పట్నుంచి రోజూ అతనూ చేశాడు. ఇద్దరూ చేశారు. ఏడాది తిరిగేసరికి చెయ్యి నోటిదాకా వచ్చింది, బొమ్మని పట్టుకుంది, తండ్రి చెవి పట్టుకుని గుంజింది. బయటికి మాత్రం పూర్తిగా తిరగలేదు. ఒకచోటికి వచ్చి ఆగిపోయేది. ఆ వారాలు సరిగ్గా చేసి ఉంటే పూర్తిగా వచ్చేదా అని తొణకడు పెద్ద డాక్టర్ని అడిగాడు. "చెప్పలేమయ్యా. కొందరికి అన్నీ సరిగ్గా చేసినా ఇంతే వస్తుంది. అదే ఆలోచిస్తూ కూర్చోకు" అని ఆయన భుజం తట్టాడు. ఓదార్పుకే అన్నాడు. కానీ అవునని ఉంటే తొణకడు ఏడ్చి ఊరుకునేవాడు, కాదని ఉంటే ఊపిరి పీల్చుకునేవాడు. ఆయన చెప్పలేమనేసరికి రెండింటికీ చెడ్డాడు. భార్య మళ్ళీ మీరు అనడం మొదలుపెట్టింది, ఎప్పట్నుంచో అతనికే గుర్తులేదు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమె ఎత్తకపోయినా పాపకి గౌను తొడిగేటప్పుడు ఆ ఎడంచెయ్యి అడ్డం పడిన ప్రతిసారీ అతను తల తిప్పుకునేవాడు.

పాప బడికి వెళ్ళే ఈడుకొచ్చింది. ఒకరోజు సాయంత్రం మెట్లెక్కుతూనే సంచీ గుమ్మంలో పడేసింది. తొణకడు డ్యూటీకి వెళ్ళడానికి టై కట్టుకుంటున్నాడు.

"నాన్నా, ఇవాళ టీచర్ అందర్నీ అడిగింది, మీ నాన్న ఏం చేస్తారని."

టై మీద వేళ్ళు ఆగిపోయాయి. అతని కళ్ళ ముందు వార్డు, కళ్ళజోడు కుర్రాడు, కిటికీ వైపు తిప్పిన మొహం.

"నువ్వేం చెప్పావమ్మా?"

"ఏం చెప్పలేదు."

అమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు అక్కడికక్కడే కుంచించుకుపోయాడు. వంటింటి గుమ్మంలోంచి భార్య చూస్తోంది.

"చేసి చూపించాను" అంది పాప.

డబ్బా మూత తీసుకుంది. దాని మీద పెన్సిలు ముక్కలు, రబ్బరు, ఒక గోళీ పెట్టింది. కుడిచేతిలో పెట్టుకోవచ్చు, అది బాగా తిరుగుతుంది. మూతని ఎడం అరచేతి మీదే పెట్టుకుంది. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించింది. చెయ్యి బయటికి తిరిగింది, ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగింది. మూత పక్కకి ఒరిగింది, గోళీ అంచుదాకా దొర్లింది. పాప నడుం దగ్గర్నుంచి ఒళ్ళంతా రెండో వైపుకి వంచింది. మూత సమంగా నిలబడింది. అలా ఒంకరగా నిలబడే, కుర్చీకీ మంచానికీ మధ్య ఉన్న సందులోంచి, "జరగండి సార్, జరగండి సార్" అంటూ తండ్రి దాకా నడుచుకుంటూ వచ్చింది.

తొణకడు జరిగాడు. టై ముడి వదిలేసి అడిగాడు. "అందరూ నవ్వారా?"

పాపకి ఆ ప్రశ్న అర్థంకాలేదు. మూత వైపు చూసుకుంది, మళ్ళీ అతని వైపు చూసింది.

"ఎందుకు నవ్వుతారు? ఒక్కటీ పడలేదుగా."